ఒప్పందాల వెంట పడమటికి

శనివారం, మాన్‌కేటో

మినెసోటా నది, దాని వెంబడే రైలు పట్టాలు, పట్టాలకు ఇవతల చిన్న పార్కు. పార్కులో సున్నపురాయితో చెక్కిన అడవిదున్న. వీధికి అవతల ఊరి లైబ్రరీ. 1862 డిసెంబర్ 26న ఇక్కడే డకోటా అనే ఆదివాసీ తెగకు చెందిన 38 మంది మగవాళ్ళను ఒకే ఉరికంబం మీద నిలబెట్టి, గొడ్డలితో తాడు తెంపి, అందరినీ ఒక్కసారే ఉరితీశారు. అమెరికా చరిత్రలో ఒకే రోజున ఇంతమందిని ఉరితీసిన ఘటన ఇంకొకటి లేదు. వాళ్ళ పేర్లు చెక్కిన ఫలకం మాత్రం సరిగ్గా 150 ఏళ్ళకు, 2012లో వచ్చింది.

అన్నయ్య, వదిన మినియాపొలిస్‌లో ఉంటారు. సౌత్ డకోటాలో రష్‌మోర్ కొండ మీద చెక్కిన అధ్యక్షుల ముఖాలు చూపిస్తామని వాళ్ళు, ఆ కొండ ఎవరిదో, ఎలా చేతులు మారిందో దారిపొడుగునా చూసుకుంటూ పోదామని నేను. నా మాట నెగ్గింది. డ్రైవింగ్ వదినది.

ఉరి దాకా ఎందుకొచ్చిందంటే, 1851లో డకోటాలు రెండు ఒప్పందాల మీద దాదాపు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు వదులుకున్నారు. బదులుగా ఏటా డబ్బు, సరుకులు ఇస్తామన్నారు. మినెసోటా నది వెంట ఒక పట్టీ మిగిలింది. 1858లో అందులో సగం పోయింది. వచ్చే డబ్బులో వర్తకులు తమ బాకీల కింద ముందే కోసుకునేవారు. 1862 వేసవిలో ఆ డబ్బు ఆలస్యమైంది. గోదాములో తిండిగింజలు ఉన్నాయి, కానీ డబ్బు రానిదే తీసేది లేదన్నారు. ఆగస్టులో యుద్ధం మొదలైంది. వందలమంది వలస రైతులు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు చచ్చిపోయారు. ఆ సంగతి దాచాల్సిన పనేమీ లేదు. ఆ తర్వాత నడిచిన సైనిక విచారణల్లో కొన్ని అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. 303 మందికి మరణశిక్ష వేస్తే, అధ్యక్షుడు లింకన్ ఆ కాగితాలన్నీ తెప్పించుకుని చూసి, చివరికి 38 మందిని ఉరితీయనిచ్చాడు.

అదే లింకన్ అదే ఏడాది మే 20న హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం చేశాడు. కొద్దిపాటి రుసుము కట్టి, ఇల్లు వేసుకుని, అయిదేళ్ళు సాగుచేస్తే 160 ఎకరాలకు పట్టా. ఆ చట్టం కింద మొత్తం 27 కోట్ల ఎకరాలు పంచారు. దేశంలో పదో వంతు భూమి.

"మరి అంత భూమి ఎక్కణ్ణుంచి తెచ్చాడే?" అన్నాడు అన్నయ్య.

అదే కదా చూడబోతున్నాం అన్నాను.

వచ్చి, పాలించి, పన్నులు వసూలు చేసుకుని, చివరికి ఓడెక్కిపోయిన దొరలు మనకు తెలుసు. వాళ్ళకు మన చాకిరీ కావాలి, మన పంట కావాలి కాబట్టి మనం బతికుండడం కూడా వాళ్ళకు అవసరమే. ఇక్కడికి వచ్చినవాళ్ళు ఓడెక్కి వెళ్ళలేదు. వాళ్ళకు కావలసింది మనుషులు లేని నేల. సెట్లర్ కొలోనియలిజం అని పండితులు పిలిచేది దీన్నే. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా అన్నీ ఈ దారినే పుట్టాయి. అది ఎప్పుడో జరిగి ముగిసిన సంఘటన కాదనీ, భూమి పంపకం నడుస్తున్నంత కాలం అదీ నడుస్తూనే ఉంటుందనీ ఆ పండితుల వాదన. పుస్తకాల్లో చదివినప్పుడు కొంచెం అతిగా అనిపించింది నాకు.

1863లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, డకోటాలతో చేసుకున్న ఒప్పందాలన్నీ రద్దుచేసి వాళ్ళను మినెసోటా నుంచి వెళ్ళగొట్టింది. దాదాపు 1,300 మందిని, ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళే, పడవల్లో మిస్సోరీ నది మీద క్రో క్రీక్ అనే చోటికి తోలారు. మేమూ అటే వెళ్తున్నాం, తొంభైవ నంబరు హైవే మీద, ఏసీ వేసుకుని.

ఆదివారం, మిస్సోరీ ఒడ్డు

చేంబర్లిన్ దగ్గర హైవే పక్కన విశ్రాంతి స్థలంలో 50 అడుగుల స్టీలు విగ్రహం ఉంది. ఒక ఆదివాసీ స్త్రీ, భుజాల వెనక నక్షత్రాల దుప్పటి పరచుకుని నిలబడింది. 2016లో పెట్టారు. నిజంగా అందంగా ఉంది. గాలికి దుప్పటి గళ్ళు కదులుతాయి, ఎండకు రంగు మారతాయి. వదిన తనివితీరా ఫొటోలు తీసుకుంది.

విగ్రహం కింద కనిపించేది నది అనుకుంటాం. నది కాదు, ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళు. 1944 నాటి చట్టంతో మిస్సోరీ మీద వరసగా పెద్ద ఆనకట్టలు కట్టారు. దిగువ ఊళ్ళకు వరదలు తప్పుతాయి, పడవలు నడుస్తాయి, కరెంటు వస్తుంది. అవన్నీ వచ్చాయి కూడా. మునిగింది మాత్రం చాలాచోట్ల రిజర్వేషన్ల భూమి, అంటే ఆదివాసీ తెగలకు మిగిల్చిన నేల, అందులోనూ ఏటి ఒడ్డు పల్లపు నేల. ఈ గడ్డి మైదానంలో చెట్టూ నీడా ఉండేది అక్కడే. చలికాలం పశువులకు చాటు అక్కడే. వంటచెరకు, అడవి పళ్ళు, మందు మొక్కలు, కూరపాదులు అన్నీ అక్కడే. ఒవాహీ ఆనకట్ట కింద ఒక్క చెయెన్ రివర్ రిజర్వేషన్‌లోనే లక్ష ఎకరాలకు పైగా మునిగాయి. పరిహారం తేలకముందే కొన్నిచోట్ల పని మొదలుపెట్టారు.

నది వెంబడి పైకి వెళ్తే ఫోర్ట్ థాంప్సన్, క్రో క్రీక్ రిజర్వేషన్ ముఖ్య ఊరు. 1863లో పడవలు ఆగింది ఈ ప్రాంతంలోనే. ఆ ఏడాది కరువు. వచ్చిన సరుకు తక్కువ, వచ్చినదీ చెడిపోయింది. వందలమంది, ముఖ్యంగా పసిపిల్లలు, కొద్ది కాలంలోనే పోయారు. మూడేళ్ళకు, మిగిలినవాళ్ళను ఎత్తి నెబ్రాస్కాలో దింపారు. ఆ తర్వాత ఇక్కడ స్థిరపడ్డ డకోటాల నేల మీదికి 1950లు, 60లలో ఫోర్ట్ రాండాల్, బిగ్ బెండ్ అనే రెండు ఆనకట్టల నీళ్ళు వచ్చాయి.

పడవలు దించే రేవు దగ్గర గేలం వేసుకుని కూచున్న పెద్దాయనతో అన్నయ్య మాట కలిపాడు. వాతావరణం, చేపలు అయ్యాక, ఆయన గడ్డంతో నీటి మధ్యకు చూపించి, తన చిన్నప్పటి ఇల్లు ఆ వరసలో ఉండేదన్నాడు. "డబ్బు పెట్టి కట్టెలు కొనడం మాకు ఆనకట్ట వచ్చాకే అలవాటైంది" అన్నాడు. గొంతులో కోపం లేదు. కరెంటు బిల్లు గురించి మాట్లాడినప్పుడు మాత్రం కోపం వచ్చింది. ఆనకట్ట కళ్ళముందే ఉంది మరి.

అవతలి ఒడ్డు లోయర్ బ్రూల్. 2005లో మొదలుపెట్టి చాలా ఏళ్ళపాటు డకోటాలు గుర్రాల మీద, డిసెంబర్ చలిలో, అక్కణ్ణుంచి బయలుదేరి మాన్‌కేటో దాకా 330 మైళ్ళు వెళ్ళేవారు. ఉరి జరిగిన రోజుకు చేరేలా.

సోమవారం, బ్యాడ్‌ల్యాండ్స్

మిస్సోరీ దాటగానే ఊళ్ళు పలచబడి ప్రకటనల బోర్డులు చిక్కబడతాయి. వాల్ అనే ఊళ్ళో ఒక మందుల షాపు 1931 నుంచీ ఉంది. ఎండలో వచ్చేవాళ్ళకు ఊరికే చల్లటి నీళ్ళిస్తామని బోర్డులు పెట్టి బతికిపోయింది. ఇప్పుడది పెద్ద బజారు. దాని గురించి ఇంతకంటే అనవసరం.

నాకు నచ్చింది బ్యాడ్‌ల్యాండ్స్ అంచున ఉన్న మట్టిగడ్డల ఇల్లు. 1909లో ఒక హోమ్‌స్టెడ్ కుటుంబం కట్టుకున్నది. గట్టును సగం తవ్వి అందులోకి దూర్చిన ఇల్లు. కప్పు మీద దుంగలు, వాటి మీద గడ్డితో సహా కోసి తెచ్చిన మట్టిగడ్డలు. వానొస్తే లోపల బురద కారకుండా ఉంటుందా? కారి ఉంటుంది. ఈ మైదానానికి వచ్చినవాళ్ళలో నార్వే నుంచీ, రష్యాలో ఉండిన జర్మన్ల నుంచీ, బొహీమియా నుంచీ బయలుదేరినవాళ్ళు బోలెడుమంది. అక్కడ భూమి లేక, ఉన్నచోట పెద్దల ఒత్తిడి భరించలేక వచ్చినవాళ్ళు. రైలు కంపెనీలు ఈ నేల బంగారం పండుతుందని కరపత్రాలు వేశాయి. ఈ పొడినేల మీద 160 ఎకరాలు ఏ మూలకూ చాలవని చాలామందికి ఆలస్యంగా తెలిసింది. 1930ల కరువులో గుంపులు గుంపులుగా వదిలి వెళ్ళిపోయారు.

కాబట్టి ఈ ఇంటివాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఈ నేల వాళ్ళకు ఎలా అందుబాటులోకి వచ్చిందన్నదే ప్రశ్న. 1868లో ఫోర్ట్ లారమీ దగ్గర చేసుకున్న ఒప్పందం ప్రకారం మిస్సోరీకి పడమర ఉన్న సౌత్ డకోటా అంతా డకోటాలకు దాయాదులైన లకోటాలదే. మనం నిలబడ్డ ఈ గట్టు కూడా. 1889లో కాంగ్రెస్ ఆ పెద్ద రిజర్వేషన్‌ను ముక్కలు చేసి, మధ్యలో దాదాపు 90 లక్షల ఎకరాలు వలసదారులకు తెరిచింది. ఎకరం డాలరుంపావు. మూడేళ్ళు గడిస్తే 75 సెంట్లు. ఆ పైన 50. సంతకాలు పూర్తయిన కొద్ది రోజులకే పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ప్రభుత్వం ఇచ్చే మాంసం రేషన్ కోసేశారు. ఆ నవంబర్‌లోనే సౌత్ డకోటా రాష్ట్రమైంది.

ఇంకొకటి. హోమ్‌స్టెడ్‌కు దరఖాస్తు పెట్టడానికి అమెరికా పౌరుడై ఉండాలి, లేదా పౌరుణ్ణవుతానని రాసివ్వాలి. నార్వే నుంచి నిన్న దిగినవాడు రాసివ్వగలడు. ఇక్కడే పుట్టిన లకోటాకు, తెగను వదులుకుంటే తప్ప, ఆ దారి లేదు. ఆదివాసీలందరికీ పౌరసత్వం వచ్చింది 1924లో. అప్పటికి మంచి నేల పంపకం అయిపోయింది.

"అయితే మనకంటే వాళ్ళు సీనియర్లు అన్నమాట, క్యూలో," అంది వదిన. నార్వేవాళ్ళను గురించే అంది.

మధ్యాహ్నం బ్యాడ్‌ల్యాండ్స్ దక్షిణ భాగం వైపు తిప్పాం. గులాబీ, తెలుపు చారల మట్టి గోపురాలు. గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు. ఈ భాగం పైన్ రిడ్జ్ రిజర్వేషన్ లోపలిది. 1942లో సైన్యం విమానాల గురి సాధన కోసం ఇక్కడ దాదాపు 3 లక్షల 40 వేల ఎకరాలు తీసుకుని 125 కుటుంబాలను లేపేసింది. వాళ్ళలో ఒకడు డ్యూయీ బియర్డ్. 1890లో సైన్యం లకోటాల మీద జరిపిన వూండెడ్ నీ మారణకాండలో గాయపడి బతికినవాడు. ఎనభై దాటిన వయసులో, జర్మనీతోనూ జపాన్‌తోనూ యుద్ధం పేరు చెప్పి, ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. యుద్ధం అయ్యాక ఆ భూమి అంతా తిరిగి రాలేదు. 1968లో కొంత తెగకు ఇస్తూనే, పార్కు కింద ఉండాలని షరతు పెట్టారు. పేలని గుండ్లు ఇప్పటికీ దొరుకుతాయి కాబట్టి దారి తప్పి నడవొద్దు, చేతికి దొరికింది ముట్టుకోవద్దు.

మంగళవారం, పైన్ రిడ్జ్

కారు రేడియోలో కిలి ఎఫ్.ఎం. దొరికింది. 1983 నుంచి లకోటాలు నడుపుకుంటున్న స్టేషన్. డప్పు పాట, ఆ వెంటనే ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు, తప్పిపోయిన గుర్రం గురించి ఒక ప్రకటన, మళ్ళీ పాట. నాలుగైదు మాటలకొకటి ఇంగ్లీషు, మిగతాది లకోటా.

వూండెడ్ నీ గుట్ట మీద స్మశానం. ఇనుప కమాను, లోపల తీగ కంచె మధ్య పొడవాటి సామూహిక సమాధి. కంచెకు ఎర్ర, పసుపు, తెలుపు, నలుపు గుడ్డముక్కలు, వాటిలో పొగాకు మూటలు. 1890 డిసెంబర్ 29న చీఫ్ స్పాటెడ్ ఎల్క్ వెంట ఉన్న జనం దగ్గర ఆయుధాలు గుంజుకుంటున్నప్పుడు కాల్పులు మొదలయ్యాయి. గుట్ట మీద హాచ్‌కిస్ ఫిరంగులు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. 250 నుంచి 300 మంది దాకా చనిపోయారు, వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు, పిల్లలు. పారిపోతున్నవాళ్ళను మైళ్ళ దూరం తరిమి చంపారు. మంచు తుపాను తగ్గాక 146 మందిని ఈ గుంటలో పూడ్చారు. ఇరవై మంది దాకా సైనికులకు దేశపు అత్యున్నత శౌర్య పతకం ఇచ్చారు.

1973లో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ అనే ఆదివాసీ హక్కుల సంస్థవాళ్ళూ, ఊరి లకోటాలూ కలిసి ఈ చోటును 71 రోజులు పట్టుకుని కూచున్నారు. ఆ రోజుల్లో ఇద్దరు ఆదివాసీలు కాల్పుల్లో పోయారు. వాళ్ళలో ఒకరి సమాధి ఇక్కడే, ఇదే స్మశానంలో.

కింద రోడ్డు పక్కన చిన్న పందిరిలో ఒకామె పూసల చెవిపోగులు అమ్ముతోంది. వదిన బేరం ఆడలేదు, అది విశేషమే. మాటల్లో ఆమె అంది: "నాకు భూమి ఉంది. ఎక్కడుందో మాత్రం చూపించలేను."

ఈ ఒక్క మాట వెనక వందేళ్ళ పైబడిన కథ ఉంది. ఈ ప్రయాణంలో నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది దీని గురించే. 1887లో డాస్ చట్టం వచ్చింది. తెగ అంతా ఉమ్మడిగా అనుభవిస్తున్న భూమిని కొలిచి, కుటుంబ పెద్దకు 160 ఎకరాలు చొప్పున పంచారు. అందరికీ పంచగా మిగిలినదాన్ని 'మిగులు' అని రాసుకుని బయటివాళ్ళకు తెరిచారు. తెగవాళ్ళకు ఇచ్చిన ముక్క 25 ఏళ్ళు ట్రస్టులో, అంటే వాళ్ళ తరఫున ప్రభుత్వం చేతిలో, ఉంటుంది. తర్వాత మామూలు పట్టా. 1906లో చట్టం సవరించి, 'సమర్థుడు' అని అధికారి తేలిస్తే 25 ఏళ్ళు ఆగకుండానే పట్టా ఇవ్వొచ్చన్నారు. పట్టా రాగానే పన్ను. పన్ను కట్టలేకపోతే వేలం. చేతిలో నగదు లేనివాడి భూమి ఎవరి చేతికి పోయిందో వేరే చెప్పాలా? 1887లో దేశం మొత్తం మీద ఆదివాసీల చేతిలో 13 కోట్ల 80 లక్షల ఎకరాలు ఉంటే, 1934లో ఈ పంపకం ఆపేనాటికి మిగిలింది 4 కోట్ల 80 లక్షలు. ఈ 47 ఏళ్ళ తంతులో తుపాకి పేల్చాల్సిన పని పెద్దగా రాలేదు. సర్వేయరు గొలుసు, గుమాస్తా కలం సరిపోయాయి.

ట్రస్టులో మిగిలిన ముక్కల సంగతి వేరే. యజమాని పోతే భూమిని కొయ్యరు, కాగితం మీద వాటాలు వేస్తారు. పిల్లలకు, వాళ్ళ పిల్లలకు. నాలుగు తరాలకు ఒకే ముక్కకు వందమంది వాటాదార్లు. ఒక్కడు ఇల్లు కట్టుకుందామన్నా మిగతావాళ్ళ సమ్మతి కావాలి. అంతమందిని వెతికి పట్టుకునేదెవరు? అందుకని ఆఫీసువాళ్ళు మొత్తం ముక్కను పశువుల మేతకు కౌలుకిస్తారు, చాలాసార్లు బయటి రాంచర్‌కే. కౌలు డబ్బు వాటాల ప్రకారం పంచితే ఒక్కొక్కరికి కొన్ని డాలర్లు, కొందరికి సెంట్లు. చెవిపోగులు అమ్మే ఆమెకు వచ్చే చెక్కు స్టాంపు ఖర్చుకు కూడా చాలదట. నవ్వుతూనే చెప్పింది.

ట్రస్టు భూమిని తాకట్టు పెట్టడం చాలా కష్టం కాబట్టి బ్యాంకులు ఇంటి లోన్ ఇవ్వడానికి వెనకాడతాయి. రిజర్వేషన్ అంతటా లాగుడు ట్రెయిలర్ ఇళ్ళు ఎందుకున్నాయో దీంతో సగం అర్థమవుతుంది. బాగా చదివినవాళ్ళు కూడా ఇక్కడి ఇళ్ళు చూసి, తాగుడనీ సోమరితనమనీ అంటారు. తాగుడు ఉంది. రిజర్వేషన్‌లో మద్యం అమ్మడం నిషేధం. గీత దాటగానే నెబ్రాస్కాలో వైట్‌క్లే అనే, పట్టుమని పదిపన్నెండు మంది కూడా లేని ఊళ్ళో నాలుగు బీరు దుకాణాలు ఏడాదికి లక్షల క్యాన్లు అమ్మేవి. 2017లో వాటి లైసెన్సులు పోయేదాకా పైన్ రిడ్జ్ వాళ్ళు ఎన్నేళ్ళు పోరాడారో ఆ సోమరితనం మాట అనేవాళ్ళకు తెలియదు.

వాటాదార్ల లెక్కలు ప్రభుత్వం సరిగ్గా రాయలేదనీ, వాళ్ళకు రావలసింది ఇవ్వలేదనీ బ్లాక్‌ఫీట్ తెగకు చెందిన ఎలూయీజ్ కోబెల్ 1996లో కేసు వేసింది. 2009లో 340 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అందులో పెద్ద భాగం ఈ చిన్న వాటాలు కొని తెగకు కట్టబెట్టడానికే. తాను గెలిచిన డబ్బు పంపిణీ చూడకుండానే 2011లో ఆమె పోయింది.

ఆఖరికి ఈ వూండెడ్ నీ స్థలం కూడా స్మశానం మినహా ఏళ్ళ తరబడి ప్రైవేటు ఆస్తి. 2022లో పైన్ రిడ్జ్‌కు చెందిన ఒగ్లాలా, చెయెన్ రివర్ తెగలు రెండూ కలిసి 40 ఎకరాలు 5 లక్షల డాలర్లకు కొన్నాయి.

సాయంత్రం రెడ్ క్లౌడ్ సమాధి చూశాం. యుద్ధంలో అమెరికా సైన్యాన్ని వెనక్కు తగ్గించి 1868 ఒప్పందం దాకా తెచ్చినవాడు. 1909 దాకా బతికి, ఆ ఒప్పందం ముక్కలవడం కళ్ళారా చూశాడు.

బుధవారం, ర్యాపిడ్ సిటీ, రష్‌మోర్

1898 నుంచి 1933 దాకా ఈ ఊళ్ళో ఆదివాసీ పిల్లల బోర్డింగ్ స్కూలు ఉండేది. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ స్కూలు పెట్టిన పద్ధతే దేశమంతా పాకింది. జుట్టు కత్తిరించడం, పేరు మార్చడం, ఇంటి భాష మాట్లాడితే శిక్ష, సగం రోజు చాకిరీ. కార్లైల్‌లో చనిపోయిన రోజ్‌బడ్ రిజర్వేషన్ పిల్లల్లో తొమ్మిదిమంది అస్థికలు 2021లో ఇంటికి చేరాయి. ర్యాపిడ్ సిటీ స్కూల్లో పోయిన కనీసం 50 మంది పిల్లల కోసం ఊరి పడమటి కొండ పక్కన స్మృతి స్థలం కడుతున్నారు. స్కూలు మూతపడ్డాక 1948లో కాంగ్రెస్ ఆ 1,200 ఎకరాల పంపకానికి చట్టం చేసింది. ఊరికి, ఊరి బడికి, చర్చీలకు, నేషనల్ గార్డుకు అందింది. అవసరమున్న ఆదివాసీలకు కూడా ఇవ్వొచ్చని ఆ చట్టంలో రాసి ఉంది. ఇవ్వలేదు.

రష్‌మోర్‌కు పొద్దుగూకాక వెళ్ళాం. ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కు 10 డాలర్లు. 1927లో మొదలుపెట్టి 1941 దాకా గట్జన్ బోర్గ్లమ్ ఆధ్వర్యంలో చెక్కారు. ఒక్కో ముఖం 60 అడుగులు. పనితనానికి వంక పెట్టలేం. గట్టి రాతిని డైనమైటుతో పేల్చి కనుపాపలో వెలుగు తెప్పించడమంటే మాటలా! లకోటాలకు అది ఆరుగురు తాతల కొండ. అసలే వాళ్ళకు చుట్టూ ఉన్న ఈ బ్లాక్ హిల్స్ కొండలంతా గుడి లాంటిది. వరసలో కుడి చివరన లింకన్. శనివారం పార్కు చూసి ఉండకపోతే దీపాలు వేసినప్పుడు అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టేదాన్నేమో. అన్నయ్య కొట్టాడు. వదిన వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

గురువారం, కస్టర్, పేష్లా

కస్టర్ ఊరు పక్కన ఫ్రెంచ్ క్రీక్ చిన్న వాగు. 1874లో జనరల్ కస్టర్ వెయ్యిమందితో ఈ కొండల్లోకి వచ్చాడు. వెంట తెచ్చుకున్నవాళ్ళు ఈ వాగులో బంగారం రేణువులు చూశారు. ఇది ఒప్పందం ప్రకారం లకోటాల భూమి, బయటివాళ్ళు రాకూడదు. మొదట్లో సైన్యం గని వేటగాళ్ళను ఆపింది, తర్వాత ఆపడం మానేసింది. కొంటామంటే లకోటాలు అమ్మలేదు. 1876 జనవరి 31 లోపు ఏజెన్సీలకు, అంటే రిజర్వేషన్లలోని ప్రభుత్వ కార్యాలయాలకు, రానివాళ్ళంతా శత్రువులేనని ప్రకటించారు, నడి చలికాలంలో. జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటాలతో పోరులో కస్టర్ పోయాడు. ఆగస్టులో కాంగ్రెస్, బ్లాక్ హిల్స్ వదిలితేనే రేషన్ అని తేల్చింది. భూమి వదలాలంటే వయసొచ్చిన మగవాళ్ళలో నాలుగింట మూడు వంతుల సంతకాలు కావాలని 1868 ఒప్పందంలో రాసుకున్నారు. వచ్చినవి పదో వంతు. అయినా 1877 ఫిబ్రవరి 28న చట్టం చేసేశారు.

లకోటా యోధుడు క్రేజీ హార్స్ విగ్రహం 1948 నుంచి చెక్కుతూనే ఉన్నారు. లకోటా పెద్ద హెన్రీ స్టాండింగ్ బేర్ పిలిస్తే వచ్చిన శిల్పి మొదలుపెట్టాడు, ఇప్పుడు ఆయన కుటుంబం, సంస్థ నడుపుతున్నాయి. ముఖం 1998లో పూర్తయింది. పూర్తయితే రష్‌మోర్ దీని ముందు బొమ్మరిల్లే. లకోటాల్లోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. బతికుండగా ఫొటో తీయనివ్వని మనిషి కోసం కొండను పేల్చడమేమిటని కొందరంటారు. నేనూ ఆ పక్షమే. మ్యూజియం మాత్రం తీరిగ్గా చూడదగ్గది.

మధ్యాహ్నం అడవి మధ్యలో పేష్లా. చుట్టూ పైన్ చెట్లు, నడుమ చెట్టు లేని విశాలమైన పచ్చికబయలు. లకోటాలు పూజలు చేసుకునే చోటు. 2012లో ఒక రాంచ్ కుటుంబం దీన్ని వేలానికి పెడితే, రోజ్‌బడ్, స్టాండింగ్ రాక్, క్రో క్రీక్, మినెసోటాలోని షకోపీ తెగలు కలిసి 1,900 ఎకరాలు 90 లక్షల డాలర్లకు కొన్నాయి. తమదని ఒప్పందంలో రాసి ఉన్న భూమిని మార్కెట్ ధరకు కొన్నారు. 2016లో ట్రస్టు హోదా వచ్చింది. దున్నల మందను మళ్ళీ తెచ్చి వదిలారు. మాకు దూరంగా గోధుమ రంగు చుక్కల్లా కనిపించాయి. కంచె దాటే హక్కు మాకు లేదు, దాటలేదు.

శుక్రవారం, లీడ్

లీడ్ ఊరి నడిబొడ్డున హోమ్‌స్టేక్ గని గొయ్యి. కొండ సగం లేదు. 1876 ఏప్రిల్‌లో, అంటే ఈ నేల ఇంకా ఒప్పందం కింద లకోటాలదే అయిన రోజుల్లో, అక్రమంగా చొరబడ్డవాళ్ళు ఇక్కడి బంగారం తమదంటూ హద్దురాళ్ళు పాతారు. మరుసటేడు జార్జ్ హర్స్ట్ బృందం 70 వేల డాలర్లకు కొంది. 2002లో మూసేదాకా 8,000 అడుగుల లోతుకు తవ్వి, దాదాపు 4 కోట్ల ఔన్సుల బంగారం తీశారు. ఇప్పుడు ఆ లోతుల్లో భౌతికశాస్త్ర పరిశోధనశాల ఉంది. న్యూట్రినోలనే సూక్ష్మ కణాల మీద ఇక్కడ జరిగిన ప్రయోగానికి రేమండ్ డేవిస్‌కు నోబెల్ కూడా వచ్చింది. అన్నయ్య ఆ గ్యాలరీ వదిలి రాడే!

1980 జూన్ 30న సుప్రీం కోర్టు, బ్లాక్ హిల్స్‌ను తగిన పరిహారం లేకుండా తీసుకున్నారని ఒప్పుకుంది. 1877 నాటి భూమి విలువ 1 కోటి 71 లక్షల డాలర్లు, దానికి వడ్డీ. మొత్తం 10 కోట్లు దాటింది. లకోటాలు తీసుకోలేదు. ఖజానాలో ఉండి ఉండి ఇప్పుడది 100 కోట్ల డాలర్లు దాటిపోయింది. అన్నయ్య ఫోన్‌లో లెక్క వేశాడు. పాతకాలపు ప్రభుత్వ ధర ఔన్సుకు 20 డాలర్ల 67 సెంట్లు చొప్పున చూసినా ఈ ఒక్క గొయ్యిలో వచ్చింది 82 కోట్లు.

"తీసుకుంటే తలా కొంత వస్తుంది కదా, అంత పేదరికంలో ఉండి..." అన్నాడు.

"తీసుకుంటే అమ్మినట్టే కదండీ," అంది వదిన.

నేను బిల్ బ్రాడ్లీ సంగతి చెప్పాను. 1985లో ఆ సెనేటర్ పెట్టిన బిల్లు ప్రకారం ఏ ఒక్కరి ఇల్లూ, పొలమూ ముట్టుకోరు. రష్‌మోర్ జోలికీ పోరు. కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్న 13 లక్షల ఎకరాలు, ఎక్కువగా అడవి, లకోటాలకు తిరిగి ఇస్తారు. అదీ గట్టెక్కలేదు.

ఆ అడవిలో ఇప్పుడు మళ్ళీ బంగారం కోసం, లిథియం కోసం కంపెనీలు హద్దులు వేస్తున్నాయి. ర్యాపిడ్ క్రీక్ ఎగువన దాదాపు 20 వేల ఎకరాల్లో కొత్త హద్దులు వేయకుండా 2024లో 20 ఏళ్ళకు ఆపుచేశారు, అంతవరకే. తక్కినచోట 1872 నాటి గనుల చట్టమే నడుస్తోంది. ఆ చట్టం పూర్తిగా చదివాం, గొయ్యి అంచున బెంచీ మీద కూచుని. ప్రభుత్వ భూమిలో ఖనిజం కనబడితే, అమెరికా పౌరుడు గానీ, పౌరుణ్ణవుతానని ప్రకటించినవాడు గానీ హద్దు వేసుకోవచ్చు.

అన్నయ్యకు ఈ మధ్యే పౌరసత్వం వచ్చింది. "అంటే నేను కూడా..." అని ఆగాడు.

"నువ్వు కూడా," అన్నాను. "వదినకైతే కాగితం పెట్టుకుంటే చాలు."